లెక్కలు పెట్టేదీ పిల్లలే

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఎక్సెటర్ ఒక చిన్న ఊరు. అక్కడి ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీ అనే పాత రెసిడెన్షియల్ స్కూల్లో 2010లో ఒక గణిత పోటీ మొదలైంది. చలికాలంలో జరిగే ఆ పోటీ రాయడానికి వచ్చేది మిడిల్ స్కూల్ పిల్లలు, మన లెక్కన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళు. ప్రశ్నలు తయారుచేసేదీ, హాలు సర్దేదీ, పేపర్లు దిద్దేదీ, చివర్లో వేదికెక్కి బహుమతులిచ్చేదీ ఆ స్కూల్లో చదువుకుంటున్న హైస్కూల్ పిల్లలే. పేపరు సెట్ చేసిన వాళ్ళకూ రాస్తున్న వాళ్ళకూ వయసులో తేడా మూడు నాలుగేళ్ళు.

ఇలాంటివి అమెరికాలో ఇంకా ఉన్నాయి. మసాచుసెట్స్‌లో లెక్సింగ్టన్ హైస్కూల్ పిల్లలు ఒకటి నడుపుతారు. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు పెద్ద పిల్లలకు ఒక పోటీ, మిడిల్ స్కూల్ వాళ్ళకు విడిగా ఒక 'మినీ' పోటీ పెడతారు. యేల్ విద్యార్థులు మిడిల్ స్కూల్ అమ్మాయిల కోసమే ఒకటి జరుపుతారు. వీటికి నమూనా అనదగ్గది హార్వర్డ్, ఎంఐటీ విద్యార్థులు కలిసి 1998లో మొదలుపెట్టిన టోర్నమెంటు. అది హైస్కూల్ వాళ్ళకు పెట్టినదే అయినా, చిన్న పిల్లల పోటీలు దాని పద్ధతులు చాలా తీసుకున్నాయి.

ఈ పోటీల గురించి ఎవరు చెప్పినా ముందు చెప్పే మాట, వీటివల్ల పిల్లలకు లెక్కలంటే ఇష్టం పెరుగుతుందని. పెరుగుతుందా, లేక ముందే ఇష్టమున్న పిల్లలే వస్తున్నారా అన్నది తేల్చవలసిన ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెబుతాను. పోటీ అన్నంత మాత్రాన ఇష్టం పుట్టదు. ర్యాంకుల వల్ల అసలే పుట్టదు. తనకంటే కాస్త పెద్దవాళ్ళు లెక్కలతో సరదాగా గడుపుతుంటే చూడడం వల్ల పుడుతుంది. విద్యార్థులు నడిపే పోటీలు ఆ అవకాశాన్ని ఇస్తాయి, మిగతా పోటీలు సాధారణంగా ఇవ్వవు.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్యే ఎందుకీ శ్రద్ధ అంటే, అప్పటిదాకా లెక్కలు బాగానే చేసిన పిల్లలు చాలామంది వెనక్కి తగ్గేది ఆ మూడేళ్ళలోనే. ఎక్కాలు, కూడికలు, తీసివేతలు దాటి ఎక్స్ అనే అక్షరం వచ్చి కూర్చుంటుంది. భిన్నాలు, రుణసంఖ్యలు, నిష్పత్తులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. 2002లో జానిస్ జాకబ్స్, మరికొందరు పరిశోధకులు అమెరికా పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. 1వ తరగతి నుంచి 12వ తరగతి దాకా పోయేకొద్దీ 'లెక్కలు నాకొచ్చు' అన్న నమ్మకం తగ్గుతూ పోయిందని తేల్చారు. అబ్బాయిలకూ తగ్గింది, అమ్మాయిలకూ తగ్గింది.

మర్యం మీర్జాఖానీ సంగతే తీసుకోండి. 2014లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న ఈ ఇరాన్ గణిత శాస్త్రవేత్త ఆ పురస్కారం పొందిన తొలి మహిళ. టెహ్రాన్‌లో మిడిల్ స్కూల్లో చేరిన కొత్తలో ఆవిడకు లెక్కలు సరిగా రాలేదు. ఆ ఏడాది పాఠం చెప్పిన టీచర్‌కు ఆమెలో ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు, దాంతో ఆమెకూ ఆసక్తి పోయింది. మరుసటి ఏడాది ఇంకొక టీచర్ ప్రోత్సహించాక కుదుటపడింది. 1994, 1995ల్లో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో రెండు బంగారు పతకాలు తెచ్చుకుంది, రెండోసారి నూటికి నూరు పాళ్ళూ వచ్చాయి. లెక్కలంటే మొట్టమొదట ముచ్చటేసింది ఎప్పుడంటే, 1 నుంచి 100 దాకా సంఖ్యల్ని గణితవేత్త గాస్ ఎలా కూడాడో వాళ్ళ అన్నయ్య చెప్పినప్పుడని ఆమె గుర్తుచేసుకుంది. మొదటిదీ చివరిదీ కలిపితే 101, రెండోదీ చివరి నుంచి రెండోదీ కలిపినా 101, అలాంటి జతలు యాభై. అంతే, 5050. చెప్పింది పుస్తకం కాదు, టీచరూ కాదు, ఇంట్లో అన్న.

రామానుజన్‌కు కూడా పదకొండేళ్ళ వయసులో దొరికింది అలాంటి వాళ్ళే. కుంభకోణంలో వాళ్ళింట్లో ఇద్దరు కాలేజీ విద్యార్థులు అద్దెకుండేవారు. వాళ్ళకొచ్చిన లెక్కలన్నీ ఈ పిల్లవాడు వాళ్ళ దగ్గరే నేర్చేసుకున్నాడు. తర్వాత చేతికొచ్చిన లోనీ త్రికోణమితి పుస్తకాన్ని పదమూడేళ్ళకే పూర్తిచేశాడు. అతను చదివిన, కార్ అనే రచయిత సూత్రాల పుస్తకం గురించి అందరూ చెబుతారు. ఆ అద్దెగదిలో కుర్రాళ్ళ గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

అన్నలు, అక్కలు చెప్పే ఈ పద్ధతిని ఒక ఏర్పాటుగా మలిచిన వాళ్ళు రష్యన్లు. బడి పిల్లల గణిత ఒలింపియాడ్ 1934లో లెనిన్‌గ్రాడ్‌లో, మరుసటి ఏడాది మాస్కోలో మొదలైంది. దానికి తోడుగా మాస్కో విశ్వవిద్యాలయంలో బడి పిల్లలకు గణిత బృందాలు నడిచేవి, వాటిలో చెప్పేవాళ్ళు ఎక్కువగా విశ్వవిద్యాలయ విద్యార్థులే. మొదట్లో పిల్లల చేత ఏదో ఒక విషయం మీద ప్రసంగం చేయించేవారు. చెప్పేవాడికి భయం, వినేవాళ్ళకు విసుగు. డేవిడ్ ష్క్ల్యార్‌స్కీ అనే కుర్రాడు ఆ పద్ధతి మార్చాడు. తను కొద్దిసేపు పాఠం చెప్పి, లెక్కలిచ్చి, వారం తర్వాత పిల్లల్నే బోర్డు దగ్గరకు పిలిచి వాళ్ళు కనిపెట్టిన దారి చెప్పమనేవాడు. 1938 మాస్కో ఒలింపియాడ్‌లో ఇచ్చిన బహుమతుల్లో సగం ఒక్క అతని బృందం పిల్లలకే వచ్చాయి. దాంతో మిగతా బృందాలూ అతని దారే పట్టాయి. ఇరవైనాలుగేళ్ళు నిండీ నిండకుండానే 1942లో యుద్ధంలో చనిపోయాడు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ 'మ్యాథ్ సర్కిల్' అన్నా దాని వెనక ఉన్నది ఆ కుర్రాడు మార్చిన పద్ధతే.

అమెరికాలో మిడిల్ స్కూల్ పిల్లలకు పెద్ద పోటీలు లేక విద్యార్థులు ఇవి మొదలుపెట్టలేదు. 1983 నుంచి మ్యాథ్‌కౌంట్స్ ఉంది. 40 నిమిషాల్లో 30 లెక్కలు చేసే స్ప్రింట్ రౌండు, చివర్లో ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి లెక్కకు 45 సెకన్లు మించకుండా బజర్ నొక్కించే కౌంట్‌డౌన్ రౌండు దాని ప్రత్యేకత. ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు ఏఎంసీ 8 అనే పరీక్ష ఉంది, 40 నిమిషాల్లో 25 ప్రశ్నలు. ఇవి దేశమంతటా జరుగుతాయి, పెద్ద సంస్థలు నడుపుతాయి, నాణ్యతకు లోటులేదు. మ్యాథ్‌కౌంట్స్ ఊరి స్థాయి నుంచి జాతీయ స్థాయి దాకా వడపోస్తూ పోతుంది, ఏఎంసీ 8లో దేశమంతటి పిల్లల మధ్య మన స్థానం ఎక్కడో తెలుస్తుంది. రెండిటిలోనూ పిల్లవాడి కళ్ళు అంకె మీదే ఉంటాయి. విద్యార్థులు పెట్టే పోటీ ఒక్కరోజుతో అయిపోతుంది. దాని తర్వాత మెట్టు లేదు. వినడానికి చిన్న తేడాలా ఉన్నా, పిల్లవాడు భయపడకుండా రావడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

రెండో కారణం 'గట్స్ రౌండు'. హార్వర్డ్-ఎంఐటీ పోటీలో పేరు తెచ్చుకున్న ఈ పద్ధతి చిన్న పిల్లల పోటీల్లోకీ వచ్చింది. పిల్లలు జట్లుగా ఒక పెద్ద హాల్లో కూర్చుంటారు. జట్టుకు ముందుగా మూడు నాలుగు లెక్కలున్న కాగితం ఒకటి ఇస్తారు. అవి చేయగానే జట్టులో ఒకరు పరుగున వెళ్ళి జవాబులిచ్చి తర్వాతి కాగితం తెచ్చుకోవాలి. వెనక్కి తిరిగి మార్చుకోవడం ఉండదు. దిద్దేవాళ్ళు అక్కడికక్కడే దిద్దేస్తుంటే, ఏ జట్టుకు ఎన్ని మార్కులో ముందు తెర మీద ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. కాగితం కాగితానికీ లెక్కలు కష్టమవుతాయి, మార్కులూ పెరుగుతాయి. హార్వర్డ్-ఎంఐటీ పోటీలో 80 నిమిషాల్లో 36 లెక్కలు. ఆఖరి కాగితంలో కచ్చితమైన జవాబు ఎవరికీ సులువుగా దొరకని ప్రశ్నలిస్తారు. అంచనా వేయాలి, నిజానికి ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు. ఏ పరీక్ష హాల్లోనూ ఉండని గోల అక్కడుంటుంది, పోట్లాడుకుంటూ లెక్కలు చేస్తారు. 'ఇది వదిలేసి ముందుకెళ్దాం' అని ఒకడు, 'ఆగు, వచ్చేస్తోంది' అని ఇంకొకడు. నోరు మూసుకుని చేయాల్సిన పని అనుకున్న లెక్క నోరు తెరిచి మాట్లాడుకోదగ్గ విషయమైందంటే ఆ హాల్లో జరగాల్సింది జరిగినట్టే.

ఇక లెక్కల సంగతి. ఈ వ్యాసంలో ఎక్కువసేపు నిలబడాల్సింది ఇక్కడే, ఎందుకంటే పోటీ మంచిదా కాదా అన్నది చివరికి తేల్చేది ప్రశ్నలే. గణిత బృందాల్లో అందరికీ తెలిసిన ఒక పాత లెక్క చూద్దాం. తరగతి గదిలో ఐదు వరుసలు, వరుసకు ఐదు కుర్చీలు, మొత్తం 25 మంది పిల్లలు. గంట కొట్టగానే ప్రతి ఒక్కరూ లేచి తనకు ముందో వెనకో, కుడి పక్కో ఎడమ పక్కో ఉన్న కుర్చీలోకి మారాలి. ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోకూడదు. కుదురుతుందా?

పిల్లలు ముందు బొమ్మ గీసి ప్రయత్నిస్తారు. ప్రతిసారీ ఎక్కడో ఒకరు మిగిలిపోతారు. ఇంకోలా చేస్తే వస్తుందేమో అనిపిస్తుంది, రాదు. అప్పుడు ఎవరికో తడుతుంది: కుర్చీలకు చదరంగం బల్లలాగా నలుపు, తెలుపు రంగులు వేస్తే? మూలన నలుపుతో మొదలెడితే నల్లవి 13, తెల్లవి 12. నల్ల కుర్చీలో ఉన్నవాడు ఎటు కదిలినా పడేది తెల్లదానిలోనే. 13 మంది 12 కుర్చీల్లో పట్టరు. అయిపోయింది. ఇందులో సూత్రం లేదు, ఏ పాఠంలోనిదో వెతుక్కోనక్కర్లేదు, ఐదో తరగతి పిల్లవాడికీ అందుతుంది. అయినా బడిలో ఎప్పుడూ చూడని పని ఒకటి చేసింది: ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరదని ప్రయత్నించకుండానే చూపించింది.

ఈ లెక్కను పోటీలో పెట్టాలనుకున్న పదో తరగతి అమ్మాయికి వెంటనే ఒక చిక్కు వస్తుంది. జవాబు అవును, కాదు అని మాత్రమే ఉంటే గుడ్డిగా రాసినవాళ్ళలో సగం మందికి మార్కులొస్తాయి. జవాబు ఒక సంఖ్య కావాలి. అందుకని ఇలా మార్చొచ్చు: ఒక్కరు మాత్రం కదలకుండా తన చోటే ఉండొచ్చు, మిగతా 24 మంది మారాలి, అయితే ఆ కదలని మనిషి ఏయే కుర్చీల్లో ఉంటే ఇది కుదురుతుంది, అలాంటివి ఎన్ని? ఆ మనిషి తెల్ల కుర్చీలో ఉంటే నల్ల కుర్చీల్లోని 13 మందికి 11 తెల్ల కుర్చీలే మిగులుతాయి, కుదరదు. నల్లదానిలో ఉంటే 12కు 12. అందుకే జవాబు 13. కానీ పేపరును పరీక్షించే తోటి విద్యార్థి ఊరుకోడు. లెక్క సరిపోయినంత మాత్రాన నిజంగా మారగలరని ఏమిటి నమ్మకం? పదమూడిటికీ చేసి చూపించు అంటాడు. చేయక తప్పదు. తీరా చూస్తే బొమ్మను తిప్పితే ఒకటయ్యేవి పోగా మిగిలేవి నాలుగు రకాలే: మూల, అంచు మధ్య, నడిమి కుర్చీ, మూల నుంచి ఒక గడి లోపలికి ఉన్నది. నాలుగిటిలోనూ మిగతా 24 మందినీ పక్కపక్క జతలుగా విడదీయొచ్చు, జతలోని ఇద్దరూ చోట్లు మార్చుకుంటే సరి.

ఒక పాత లెక్కను ఇలా తిప్పి చూడడంలో ఆ అమ్మాయి నేర్చుకున్నది పోటీ రాసినవాళ్ళు నేర్చుకున్నదానికంటే ఎక్కువ. ప్రశ్న ఎక్కడ స్పష్టంగా లేదు, రెండర్థాలు ఎక్కడొస్తాయి, ఆరో తరగతి పిల్లవాడు దీన్ని చదివి ఏమనుకుంటాడు, మరీ కష్టమైతే ఏ అంకె మార్చాలి అన్నవన్నీ ఆలోచించాలి. ఎక్సెటర్‌లో ఇలాంటి పోటీ పుట్టడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ గణితం పాఠ్యపుస్తకం పెట్టి చెప్పరు. ఉపాధ్యాయులు తయారుచేసిన లెక్కల కట్ట ఇస్తారు, పిల్లలు పన్నెండు మంది దాకా ఒక కోలగుండ్రని బల్ల చుట్టూ కూర్చుని తాము చేసింది ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ 1930లో ఇచ్చిన విరాళంతో అన్ని సబ్జెక్టుల్లోనూ ఆ బల్లలు వచ్చాయి. రోజూ లెక్కల గురించి మాట్లాడుకునే పిల్లలు తమ కంటే చిన్నవాళ్ళకు లెక్కలు పెట్టాలనుకోవడం సహజం.

అదే బల్ల దగ్గర అసలు అభ్యంతరం కూడా మొదలవుతుంది. ఎక్సెటర్ బాగా ఖరీదైన స్కూలు. లెక్సింగ్టన్ బాగా చదువుకున్న కుటుంబాలుండే ఊరు. ఈ పోటీలు పుట్టిన చోట్లన్నీ దాదాపు ఇలాంటివే, వచ్చే పిల్లలూ చాలావరకు అలాంటి ఇళ్ళ నుంచే. శనివారం పొద్దున్నే కారులో దింపే అమ్మానాన్నలున్న పిల్లవాడు వస్తాడు, లేనివాడికి పోటీ ఉందన్న కబురే చేరదు. అందుకే 'మా పోటీకి వచ్చిన పిల్లలకు లెక్కలంటే ఇష్టం' అన్న మాటను రుజువుగా తీసుకోలేం. ఇష్టముంది కాబట్టే వచ్చారు. వచ్చాక ఇష్టం నిలిచిందా, పెరిగిందా అన్నది వేరే ప్రశ్న, దానికి గట్టి కొలతలు కావాలి.

అమ్మాయిల విషయంలో కొలిచి చూసినవాళ్ళు ఉన్నారు. గ్లెన్ ఎలిసన్, ఆష్లీ స్వాన్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికా హైస్కూల్ గణిత పోటీల ఫలితాలు పరిశీలించి 2010లో ఒక పత్రం ప్రచురించారు. పై స్థాయికి పోయేకొద్దీ అమ్మాయిల సంఖ్య బాగా తగ్గిపోతోంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, బాగా పైకి వచ్చిన అబ్బాయిలు రకరకాల స్కూళ్ళ నుంచి వస్తుంటే, అమ్మాయిలు మాత్రం గణితంలో పేరున్న కొద్దిపాటి స్కూళ్ళ నుంచే వస్తున్నారు. అంటే మామూలు స్కూళ్ళలో ప్రతిభ ఉన్న అమ్మాయిలు చాలామంది ఎవరి కంటా పడకుండానే పోతున్నారు. అమ్మాయిలకు విడిగా పోటీ ఎందుకని అడిగేవాళ్ళకు నేనైతే ఈ పత్రం చూపిస్తాను. పక్కన కూర్చున్నవాళ్ళూ, పేపరు పెట్టిన అక్కలూ తనలాంటి వాళ్ళే అయితే ఆ గదిలోకి అడుగుపెట్టడమే ఎంతో తేలిక.

వేగం మరో చిక్కు. నెమ్మదిగా ఆలోచించే పిల్లవాడు గడియారం చూసి బెదిరిపోతాడు, తనకు లెక్కలు రావనుకుంటాడు. గణిత పరిశోధనలో నెలల తరబడి ఒక్క సమస్య మీద కూర్చోవడమే పని, పోటీల్లో చేసే లెక్కలకూ దానికీ పోలిక తక్కువని పోటీల్లో పైకొచ్చిన గణితవేత్త టెరెన్స్ టావో కూడా రాశారు. ఎక్సెటర్ వాళ్ళు వేగానికి ఒక పరీక్ష, కచ్చితత్వానికి విడిగా ఇంకొకటి పెట్టడం మంచి ఆలోచన. బర్క్‌లీ మినీ పోటీలో పజిల్ రౌండు ఉంది, గడుల్లో అంకెలు నింపే ఆటల్లాంటివి జట్టంతా కలిసి చేస్తారు. ఇలాంటి రౌండు ఒక్కటైనా లేని పోటీని మంచి పోటీ అనలేను.

విద్యార్థులు నడపడంలో ఉండే బలహీనతలు కూడా చెప్పుకోవాలి. నడిపేవాళ్ళు రెండు మూడేళ్ళలో చదువు ముగించి వెళ్ళిపోతారు, అనుభవం వాళ్ళతోనే పోతుంది. ప్రశ్నల్లో తప్పులు దొర్లుతాయి. కొన్ని లెక్కలు ఎనిమిదో తరగతికి మరీ కష్టంగా వస్తాయి, పెట్టినవాళ్ళు తమ గొప్ప చూపించుకోవాలనుకుంటే ఇంకా కష్టంగా వస్తాయి. సగం మంది పిల్లలు సున్నాతో బయటికొచ్చే పేపరు ఎంత అందంగా ఉన్నా చెడ్డ పేపరే. మొదటి మూడు నాలుగు లెక్కలు గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ రావాలి. ఇది పాటించే పోటీలకే పిల్లలు మళ్ళీ వస్తారు.

అమెరికాలో తెలుగు కుటుంబాలకు ఈ పోటీలు కొత్త కాదు. నార్త్ సౌత్ ఫౌండేషన్‌ను 1989లో స్థాపించినది చిట్టూరి రత్నం గారు. ఆ సంస్థ నడిపే పోటీల్లో మ్యాథ్ బీ ఒకటి, వచ్చిన డబ్బు ఇండియాలో పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు పోతుంది. అది పిల్లలు కాక, తల్లిదండ్రులు ముందుండి నడిపిన సంస్థ. దానిలో మంచి చాలా ఉంది. కానీ పెద్దవాళ్ళ చేతిలో ఉన్న పోటీకి శిక్షణ తోడవకుండా ఉండదు, శిక్షణ తోడైతే లెక్క మళ్ళీ హోంవర్కు అవుతుంది.

మన దగ్గర ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు పరీక్షలకు కొదవలేదు. ఐఐటీ ఫౌండేషన్ బ్యాచీలు, ఒలింపియాడ్ పేరుతో ఓఎంఆర్ షీట్లు, టాలెంట్ టెస్టులో ర్యాంకు వస్తే ఫీజులో రాయితీ, ఆ ర్యాంకు ఫొటోతో ఫ్లెక్సీ. వాటిలో ఏ ఒక్కటీ లెక్కల్ని ప్రేమించమని పెట్టింది కాదు, ఏరుకోవడానికి పెట్టినవి. మంచి ఉదాహరణలూ ఉన్నాయి. భారత గణిత ఉపాధ్యాయుల సంఘం 1965లో చెన్నై కేంద్రంగా ఏర్పడి, చిన్న తరగతుల నుంచే జాతీయ ప్రతిభా పోటీ నడుపుతోంది. జన విజ్ఞాన వేదిక చెకుముకి సైన్స్ పోటీలు మన పల్లెల్లో ప్రభుత్వ బడుల దాకా వెళ్ళాయి. రామానుజన్ పుట్టినరోజైన డిసెంబరు 22ను గణిత దినోత్సవంగా 2012 నుంచి జరుపుతున్నాం. ఇవన్నీ పెద్దలు, ఉపాధ్యాయులు మోస్తున్న పనులు.

విద్యార్థులు మోసేవీ దేశంలో ఉన్నాయి. ఐఐటీ గువాహటి విద్యార్థులు 2004లో మొదలుపెట్టిన టెక్నోథ్లాన్‌లో ఇద్దరిద్దరు జట్టుగా తర్కానికి సంబంధించిన ప్రశ్నలు చేస్తారు, అది 9వ తరగతి నుంచి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు స్టెమ్స్ అనే పోటీ నడుపుతారు, ప్రశ్నలు గట్టివి, అదీ ఎక్కువగా పెద్ద పిల్లలకే. అంటే లెక్కల మీద మనసు విరిగే వయసు దాటాక మొదలవుతున్నాయి. విరగకముందు పట్టుకునేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రావాలి.

దాన్ని ఎవరు చేయగలరంటే నాకు ముందు తోచేది బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లోని ట్రిపుల్ ఐటీలు. 2008లో మొదలైన ఆ విద్యాసంస్థల్లో చేరేది పదో తరగతి అయిన వెంటనే, ఎక్కువమంది ప్రభుత్వ బడుల నుంచి, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. ఆరేళ్ళు ఒకేచోట ఉంటారు కాబట్టి, నడిపేవాళ్ళు మారిపోతారన్న చిక్కు ఇక్కడ చాలావరకు తీరుతుంది. మొదటి ఏడు విద్యార్థి ప్రశ్నలు రాస్తే నాలుగో ఏడు విద్యార్థి పరీక్షిస్తాడు. చుట్టుపక్కల గురుకులాలు, జెడ్పీ హైస్కూళ్ళ నుంచి పిల్లలు వస్తే, పేపరు పెట్టిన అక్క తమ మండలం అమ్మాయే అని వాళ్ళకు తెలుస్తుంది. ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన ఉండాలి. ప్రవేశ రుసుము ఉండకూడదు. ర్యాంకులు మొదటి పది దాకా చదివి ఆపేయాలి. పోటీ అయ్యాక గంటసేపు, పెట్టినవాళ్ళే బోర్డు మీద ప్రతి లెక్కా చేసి చూపించాలి, పిల్లలు తాము చేసిన వేరే దారి చెబితే వినాలి. ష్క్ల్యార్‌స్కీ చేసింది అదే, దానికి ఖర్చేమీ లేదు.

ప్రశ్నలు ఎక్కడి నుంచి తేవాలన్న దిగులు అక్కర్లేదు. ఎక్సెటర్, బర్క్‌లీ, హార్వర్డ్-ఎంఐటీ పోటీల పాత పేపర్లు, జవాబులు, సాధనలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి ఏడాది వాటిని చదివి, ఎక్కడ ఎందుకు బాగున్నాయో గమనించి, మన పిల్లలకు తెలిసిన బస్సు టికెట్లు, పొలం గట్లు, ముగ్గు చుక్కలతో కొత్తవి అల్లుకుంటే చాలు. ఇన్ని చుక్కలకు చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో మెలికల ముగ్గు వస్తుందా, ఎన్ని గీతలు కావాలి అన్నది ఆరో తరగతికి ఇవ్వదగ్గ లెక్క. దాని వెనక గరిష్ఠ సామాన్య భాజకం దాకా వెళ్ళే దారి ఉంది.